విశాఖ – అరకు – పాడేరు – లంబసింగి సైకిల్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో బయలుదేరి అరకు, పాడేరు, లంబసింగి, నర్సీపట్నం మీదుగా మళ్లీ విశాఖ చేరే ఈ చుట్టులో రెండు పెద్ద ఘాట్లు, కాఫీ తోటలు, గెడ్డలు (కొండవాగులు), కొండమీది జలాశయాలు, పొగమంచు అన్నీ వస్తాయి. అరకు దాకా వెళ్లి అదే దారిన దిగి వచ్చేవాళ్లు మన్యాన్ని గుమ్మంలో నిలబడి చూసినట్టే. ఈ చుట్టు తిరగాలనుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. లెక్కలన్నీ కాలితో తొక్కే సైకిల్‌కే. మోటార్ బండి మీద వెళ్లేవాళ్లకు ఇవి సరిపోవు.

దారి ఎలా సాగుతుంది? మొత్తం ఎంత దూరం?

విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట. అందరూ ఎస్.కోట అంటారు. అది దాటి బొడ్డవర చేరాక కొండ ఎక్కడం మొదలు. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట మీదుగా అరకు చేరేసరికి సుమారు 115 కిలోమీటర్లు. అక్కడి నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు దాదాపు 45. పాడేరు నుంచి జి.మాడుగుల వైపుగా లంబసింగి ఇంకో 50 దాకా. లంబసింగి నుంచి తాజంగి, చింతపల్లి వెళ్లి వెనక్కి రావడం ఒక రోజు పని. ఆ తర్వాత డౌనూరు వైపు ఘాట్ దిగితే నర్సీపట్నం, అనకాపల్లి, విశాఖ. అటూ ఇటూ పక్కదారులు కాక సుమారు 350 కిలోమీటర్లు అనుకోండి.

350 కిలోమీటర్లే కదా, మూడు రోజుల్లో అయిపోదా?

బలం ఉన్నవాళ్లకు అయిపోతుంది. కానీ ఆ లెక్కన వెళ్తే రోడ్డు తప్ప ఇంకేమీ చూడరు. ఆరు రోజులు పెట్టుకోమని మా సలహా. మొదటి రోజు టైడా లేదా అనంతగిరి దాకా. రెండో రోజు పొద్దున్నే మిగతా ఎత్తు ఎక్కేసి మధ్యాహ్నానికి అరకు. మూడో రోజు పాడేరు. నాలుగో రోజు లంబసింగి. ఐదో రోజు సామాను గదిలోనే వదిలేసి ఖాళీ సైకిల్ మీద తాజంగి, చింతపల్లి. ఆరో రోజు దిగడం.

మూడు రోజులే సెలవు దొరికితే చుట్టును చిన్నది చేసుకోండి. పాడేరు నుంచి లంబసింగి వైపు వెళ్లకుండా పాడేరు ఘాట్ దిగి మాడుగుల (పైనున్న జి.మాడుగుల వేరు), చోడవరం మీదుగా విశాఖ చేరొచ్చు. ఆ ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర బస్సులు, లారీలు ఆగి దండం పెట్టుకుని కదులుతాయి. మీ బ్రేకులు చల్లబరుచుకోవడానికీ మంచి చోటు అది. కిందికి దిగాక మాడుగులలో హల్వా తినకుండా రావద్దు. గోధుమ పాలతో చేసే ఆ హల్వా ఒక ముక్క తింటే మిగతా దారికి ఓపిక వస్తుంది.

అన్నిటికంటే కష్టమైన భాగం ఏది? ఎస్.కోట ఘాటేనా?

అందరూ ఆ ఘాట్ గురించే టెన్షన్ పడతారు. నిజానికి అది పొడుగే గానీ మరీ నిటారుగా ఉండదు. దాదాపు సముద్రమట్టం దగ్గర మొదలుపెట్టి వెయ్యి మీటర్లు దాటేదాకా ఎక్కాలి. కాకపోతే ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది, చెట్ల నీడ ఉంటుంది, మధ్యమధ్యలో టీ కొట్లు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు ఉంటారు. చిన్న గేర్‌లో పెట్టి, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతో తొక్కితే మధ్యాహ్నానికి పైన ఉంటారు.

అసలు పరీక్ష పైకెక్కాక మొదలవుతుంది. అరకు, పాడేరు రెండూ సుమారు 900 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. మ్యాప్ చూసి మధ్యలో అంతా చదునుగానే ఉంటుందిలే అనుకుంటారు. కానీ అక్కడ ఉండేది ఒక గెడ్డలోకి దిగడం, వంతెన దాటడం, ఎదుటి గట్టు ఎక్కడం, మళ్లీ ఇంకో గెడ్డ. పాడేరు నుంచి లంబసింగి వైపు ఇది ఇంకా ఎక్కువ. ఒక్కో ఎత్తు చిన్నదే, పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ నిన్నటి ఘాట్‌కి అలిసిన కాళ్లతో రోజంతా అవే ఎక్కుతూ ఉంటే నాలుగో రోజుకి మోకాళ్లు మాట వినవు. అందుకే ప్లాన్ వేసేటప్పుడు కొండమీది రోజుల్ని చిన్నవిగా ఉంచండి. కింద 80 తొక్కేవాళ్లు పైన 45, 50 దగ్గర ఆగాలి. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్ని గుర్తుపెట్టుకోండి.

నేను చేయగలనో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

విశాఖలో ఉంటే సింహాచలం ఘాట్ ఉంది. సామాను కట్టుకుని దాన్ని వరసగా రెండుమూడు సార్లు ఎక్కి దిగండి. హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ అనంతగిరి, బెంగళూరులో ఉండే మనవాళ్లకు నంది హిల్స్. కొండ ఎక్కిన మర్నాడు పొద్దున కూడా 50 కిలోమీటర్లు తొక్కగలిగితే మీరు సిద్ధమే. ఒక్క రోజు బాగా తొక్కడానికీ, రోజు తర్వాత రోజు తొక్కడానికీ చాలా తేడా ఉంది. ఇక్కడ కావాల్సింది రెండోది.

అరకు వైపు నుంచి ఎక్కాలా, లంబసింగి వైపు నుంచా?

అరకు వైపు నుంచే ఎక్కండి. డౌనూరు నుంచి లంబసింగి ఎక్కే దారి పొట్టిది, నిటారైనది. పైగా కొట్లు తక్కువ. మొదటి రోజే దాంతో తలపడితే మిగతా రోజులు ఈడ్చుకుంటూ వెళ్లాల్సి వస్తుంది. అరకు ఘాట్‌లో ఏదైనా తేడా వస్తే ఇంకో సౌకర్యం కూడా ఉంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఆ కొండల్లోనే పోతుంది, శివలింగపురం, బొర్రా గుహలు, అరకు స్టేషన్లు అందుబాటులో ఉంటాయి.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. నవంబర్, డిసెంబర్లలో వలిసె పూలు పూస్తాయి, పొలాలన్నీ పసుపు రంగులో ఉంటాయి. కాఫీ పళ్లు ఎర్రబడి కోతలు నడుస్తుంటాయి. అయితే ఆ నెలల్లో శని, ఆదివారాలు అరకు, పాడేరు దగ్గరి వంజంగి, లంబసింగి దారుల్లో కార్లు కిక్కిరిసి ఉంటాయి. ఆదివారం విశాఖలో బయలుదేరి, సోమవారానికి అరకు చేరి, శుక్రవారానికల్లా పైనుంచి బయటపడేలా చూసుకోండి. మాకు బాగా నచ్చేది ఫిబ్రవరి. చలి కాస్త తగ్గుతుంది, జనం పలచబడతారు, ఆకాశం తేటగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో నాలుగు చినుకులు పడ్డాక కాఫీ పూస్తుంది. తెల్లటి పూలు, మల్లెల్లాంటి వాసన. దాని కోసమే వెళ్లేవాళ్లూ ఉన్నారు గానీ, అప్పటికి కింద ఎండలు ముదిరిపోతాయి. ఎస్.కోట దాకా, నర్సీపట్నం తర్వాత బాగా ఇబ్బంది.

వానాకాలంలో వద్దు. ఘాట్‌లో కొండచరియలు జారిపడతాయి, గెడ్డలు పొంగి రోడ్డు మీదికి వస్తాయి. అక్టోబర్, నవంబర్లలో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వింటే ప్రయాణం వాయిదా వేయండి. సముద్రం మీద పుట్టిన వాన ఈ కొండల మీద గట్టిగా కురుస్తుంది.

చలి ఎంత ఉంటుంది?

డిసెంబర్, జనవరిలో లంబసింగిలో తెల్లవారుజామున సున్నా దగ్గరికి పడిపోయిన రోజులున్నాయి. తొక్కేటప్పుడు చెమట, ఆగగానే వణుకు. పలచటి చొక్కాలు రెండు, పైన గాలి ఆపే జాకెట్, చేతులకు వేళ్లు మూసే గ్లోవ్స్, చెవులకు టోపీ. మందమైన స్వెటర్ ఒక్కటే వేసుకుంటే ఎక్కేటప్పుడు తడిసిపోతుంది, దిగేటప్పుడు అదే తడితో గడ్డకట్టిస్తుంది.

ఎలాంటి సైకిల్ కావాలి? ఖరీదైనదే ఉండాలా?

ఖరీదు ముఖ్యం కాదు. మూడు విషయాలు చూడండి.

మొదటిది గేర్లు. ముందు ఉన్న చిన్న పళ్లచక్రం కంటే వెనక ఉన్న పెద్ద పళ్లచక్రానికి పళ్లు ఎక్కువ ఉండాలి. ముందు 30, వెనక 34 లాంటిది ఉంటే సామానుతో కూర్చునే ఎక్కగలరు. రేసు సైకిల్ గేర్లతో లేచి నిలబడి తొక్కాల్సి వస్తుంది, అలా గంట తొక్కితే నడుము పట్టేస్తుంది.

రెండోది టైర్లు. సన్న టైర్లతో రావద్దు. 35 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే గతుకులు, కంకర రెండూ దాటేస్తాయి.

మూడోది బ్రేకులు. బయలుదేరే ముందు కొత్త ప్యాడ్లు వేయించండి, ఒక జత దగ్గర పెట్టుకోండి. దిగేటప్పుడు బ్రేకు నొక్కి పట్టుకునే ఉండకూడదు. మలుపు ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. రిమ్ బ్రేకులైతే ఇది ఇంకా ముఖ్యం. రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలే ప్రమాదం ఉంది. కొన్ని మలుపులకోసారి ఆగి, రిమ్ దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. సెగ తగులుతుంటే పది నిమిషాలు ఆగండి.

దారిలో సైకిల్ రిపేర్ దొరుకుతుందా?

అరకు, పాడేరు, చింతపల్లి, నర్సీపట్నంలో పంక్చర్ వేసేవాళ్లు దొరుకుతారు. మామూలు సైకిళ్ల పని చేస్తారు. గేర్ల సంగతి, డిస్క్ బ్రేకుల సంగతి మీరే చూసుకోవాలి. వాల్వ్ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. గేర్ సైకిళ్లకు వచ్చే సన్నటి వాల్వ్‌కి ఊళ్లో పంపు పట్టదు. బండి టైర్‌కి ఉండే లాంటి లావు వాల్వ్ అయితే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొడతారు. సన్నదే ఉంటే దాని మీద బిగించే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి, చాలా తక్కువలో వస్తుంది. ఇవి కాక రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, చేతిపంపు, చైన్ లింక్, కొన్ని స్పోకులు, గేర్ కేబుల్ ఒకటి.

మొత్తం సామాను పది కిలోలు దాటనివ్వకండి. వీపు మీద బ్యాగు వద్దు. క్యారియర్‌కి రెండు పక్కలా సంచులు వేలాడదీయండి.

ఈ దారిలో చూడాల్సిన జలాశయాలు ఏవి?

ఈ యాత్రను నీళ్ల వెంబడి చూస్తే ఇంకో రకంగా అర్థమవుతుంది. ఎస్.కోటకి దగ్గర్లో తాటిపూడి జలాశయం ఉంది. గోస్తనీ నది మీద కట్టారు, విశాఖకు తాగునీరు ఇచ్చేవాటిలో ఇదొకటి. అదే గోస్తనీ పైన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వస్తుంది. మొదటి రోజు కింద తాటిపూడి గట్టు మీద నిలబడి, మర్నాడు కొండమీద ఆ నీళ్లు వచ్చే చోటుకి చేరతారన్నమాట. దీని కోసం అదనంగా తొక్కాల్సి వచ్చినా తొక్కండి.

ఘాట్ ఎక్కి పాడేరు వైపు వెళ్లాక నీళ్ల దిక్కు మారిపోతుంది. హుకుంపేట, పాడేరు దగ్గర కనిపించే మత్స్యగెడ్డ తూర్పున సముద్రం వైపు వెళ్లదు. పడమటికి తిరిగి మాచ్‌ఖండ్ నదై జోలాపుట్ జలాశయంలో చేరి, ఆ తర్వాత సీలేరై, శబరిలో కలిసి, చివరికి గోదావరిలోకి వెళ్తుంది. కొండకి ఈ పక్క పడిన చినుకు భీమిలి దగ్గర సముద్రంలో కలిస్తే, ఆ పక్క పడింది భద్రాచలం దిగువ దాకా చుట్టు తిరిగి గోదావరిలో కలుస్తుంది. ఆ విభజన రేఖను మీరు కాలితో తొక్కి దాటుతున్నారు.

లంబసింగికి దగ్గర్లో తాజంగి జలాశయం ఉంది. చిన్నదే, కానీ ఉదయం ఏడు లోపు వెళ్తే నీళ్ల మీద మంచు ఇంకా లేవదు, అవతలి గట్టు కనిపించదు. తొమ్మిది దాటితే అది మామూలు పిక్నిక్ చోటు.

ఒక్క జాగ్రత్త. జలాశయాల్లో, గెడ్డల్లో దిగి ఈదకండి. అడుగున బురద, చెట్ల మోళ్లు ఉంటాయి. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి మీద నీళ్లు పలచగా పారుతూ ఏమీ కానట్టు కనిపిస్తాయి గానీ, నాచు పట్టిన బండ మీద కాలు నిలవదు.

జోలాపుట్, సీలేరు దాకా పొడిగించొచ్చా?

ఓపిక, అనుభవం ఉంటే తప్పకుండా. పాడేరు నుంచి పెదబయలు, ముంచింగిపుట్టు మీదుగా జోలాపుట్ వెళ్లొచ్చు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఉన్న పెద్ద జలాశయం అది. దాని దిగువన ఉన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి పనిచేస్తోంది. దగ్గర్లోనే డుడుమ జలపాతం, 500 అడుగుల పైనుంచి దూకుతుంది. వెళ్లి రావడానికి ఇంకో రెండు రోజులు కలుపుకోండి.

సీలేరు దారి వేరే స్థాయి. చింతపల్లి నుంచి గూడెం కొత్తవీధి మీదుగా సీలేరు, డొంకరాయి, మోతుగూడెం, చింతూరు. అక్కడి నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగి రంపచోడవరం మీదుగా రాజమండ్రి. దట్టమైన అడవి, కొట్లు చాలా దూరదూరంగా, ఫోన్ సిగ్నల్ గంటల తరబడి ఉండదు. మొదటిసారి వచ్చేవాళ్లు దీన్ని పెట్టుకోవద్దు. వెళ్లినా కనీసం ముగ్గురు ఉండండి, బస ముందే ఖాయం చేసుకోండి.

రోడ్లు ఎలా ఉంటాయి?

రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి ఈ కొండల మీదుగానే వెళ్తుంది. దాని పనుల వల్ల ఒకచోట అద్దంలాంటి రోడ్డు, మలుపు తిరగ్గానే ఎర్రమట్టి, కంకర. పాడేరులో గానీ అరకులో గానీ ఆర్టీసీ డ్రైవర్లని అడిగితే ఆ రోజు పరిస్థితి చెప్తారు. మ్యాప్ యాప్‌ల కంటే వాళ్ల మాట నమ్మండి.

కోతల కాలంలో ఊళ్ల దగ్గర రోడ్డు మీదే వరి, చోళ్లు (రాగులు), వలిసెలు ఆరబోస్తారు. కాఫీ గింజలు టార్పాలిన్ల మీద పరుస్తారు. వాటి మీద నుంచి తొక్కుకుంటూ పోకండి. దిగి, పక్కనుంచి సైకిల్ నడిపించుకెళ్తే పట్టేది అర నిమిషం. అది వాళ్ల ఏడాది కష్టం.

రాత్రిళ్లు ఎక్కడ ఉండాలి? టెంట్ వేసుకోవచ్చా?

టైడా, అనంతగిరి, అరకు, లంబసింగిలలో పర్యాటక శాఖ వసతి ఉంది. పాడేరు, నర్సీపట్నంలలో లాడ్జీలు ఉన్నాయి. శీతాకాలం వారాంతాల్లో ముందుగా బుక్ చేయకపోతే దొరకవు. లంబసింగిలో స్థానికులు టెంట్లు అద్దెకి ఇస్తారు, అక్కడ వేసుకోవచ్చు. రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా టెంట్ వేయకూడదు, మంట అసలు పెట్టకూడదు.

తిండి, నీళ్లు?

ఊళ్లు వచ్చినచోట ఇడ్లీ, పూరీ, భోజనం దొరుకుతాయి. మధ్యాహ్నం మూడు దాటితే చాలా హోటళ్లలో అన్నం అయిపోతుంది, ఒంటిగంటకే తినేయండి. అరకు దారిలో బొంగు చికెన్ అమ్ముతారు. రుచిగానే ఉంటుంది గానీ తినగానే ఎత్తు ఎక్కకండి. తొక్కేవాళ్లకి చోడి అంబలిని మించింది లేదు. వారపు సంతలో గిరిజన మహిళలు అమ్ముతుంటే ఒక గ్లాసు తాగి చూడండి, కడుపులో బరువు ఉండదు, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అదే సంతలో అరటిపళ్లు, పల్లీలు కొని సంచిలో వేసుకోవచ్చు. దారి ఏ రోజు ఏ సంత మీదుగా వెళ్తుందో ముందే కనుక్కుని దానికి తగ్గట్టు రోజులు సర్దుకుంటే ఇంకా మంచిది.

నీళ్లు ఎప్పుడూ రెండు లీటర్లకు తగ్గకుండా ఉంచుకోండి. గెడ్డ నీళ్లు తేటగా ఉన్నా మరగబెట్టకుండా తాగొద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రోజుకి రెండు చొప్పున పెట్టుకోండి.

మలేరియా భయం ఉందా?

ఉంది. ఏజెన్సీలో మలేరియా పాత సమస్య. సాయంత్రం నుంచి ఒళ్లంతా కప్పే బట్టలు, దోమల మందు, వీలైతే దోమతెర వాడండి. ఇంటికి వచ్చిన కొన్ని వారాల లోపు జ్వరం వస్తే పారాసిటమాల్ మింగి ఊరుకోకుండా, మన్యం వెళ్లొచ్చామని డాక్టర్‌కి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

జంతువులు, పోలీసులు?

పగలు రోడ్డు మీద మీకు ఎదురయ్యేవి కోతులు, కుక్కలు, పశువులే. కుక్క వెంటపడితే సైకిల్ దిగి, సైకిల్‌ని అడ్డం పెట్టుకుని నడవండి, ఊరుకుంటుంది. అడవుల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, కాబట్టి చీకటిపడ్డాక తొక్కకండి. డిసెంబర్‌లో ఐదున్నరకే చీకటి, కొండ నీడలో ఇంకా ముందే. పొగమంచులో పగలైనా ముందూ వెనకా లైట్లు వెలగాలి.

ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. చెక్‌పోస్టుల్లో ఆపి ఎక్కడి నుంచి, ఎక్కడికి అని అడుగుతారు. తిన్నగా చెప్తే పంపేస్తారు, దారి సలహాలు కూడా ఇస్తారు.

ఊళ్లలో ఎలా మసలుకోవాలి? ఫొటోలు తీసుకోవచ్చా?

భగత, వాల్మీకి, కొండదొర, గదబ, పోర్జ, కోదు, ఇంకా ఎన్నో తెగల వాళ్ల ఊళ్లు ఇవి. చాలామందికి తెలుగు వస్తుంది. ముంచింగిపుట్టు వైపు ఆదివాసీ ఒడియా ఎక్కువ వినిపిస్తుంది. మాట్లాడి, పేరు చెప్పుకుని, అడిగాకే ఫొటో తీయండి. వద్దంటే అక్కడితో వదిలేయండి. పిల్లలకి చాక్లెట్లు, డబ్బులు విసిరే అలవాటు దయచేసి మానుకోండి. ఇవ్వాలనిపిస్తే ఊళ్లో కొట్లో టీ తాగండి, సంతలో రాజ్మా, పసుపు, మిరియాలు వాళ్ల దగ్గరే కొనండి, బేరం ఆడకుండా.

లంబసింగి ఘాట్ దారికి అల్లూరి సీతారామరాజుకి సంబంధం ఉందా?

ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి బ్రిటిష్ వాళ్లు రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో వెట్టి చాకిరీ చేయించాడు, కూలి సరిగా ఇవ్వలేదు. మన్యం తిరుగుబాటుకు కారణమైన కష్టాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నర్సీపట్నంలో ఒక రాత్రి ఆగితే అక్కడికి వెళ్లి రావచ్చు, వెళ్లి రండి. ఆ ఘాట్‌లో మీ చక్రాలు తిరిగే దారి కడుపు నిండని కూలీలు తవ్వింది.

మధ్యలో ఆపేయాల్సి వస్తే తిరిగి రావడం ఎలా?

అరకు నుంచి విశాఖకు రైలు ఉంది. సైకిల్‌ని స్టేషన్‌లో లగేజీ కింద బుక్ చేయాలి, ముందుగా వెళ్లి రసీదు రాయించుకోండి. పాడేరు, చింతపల్లి, నర్సీపట్నం నుంచి విశాఖకు ఆర్టీసీ బస్సులు తిరుగుతాయి. ముందు చక్రం విప్పి, చైన్‌కి పాత గుడ్డ చుట్టి ఇస్తే కండక్టర్లు చాలావరకు ఒప్పుకుంటారు. లగేజీ టికెట్ అడిగి తీసుకోండి. దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయండి. పాడేరులో, అరకులో, నర్సీపట్నంలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

ఏ ఇబ్బందీ లేకుండా నర్సీపట్నం దిగినా, అనకాపల్లి నుంచి విశాఖ దాకా హైవే మీద లారీల మధ్య తొక్కాలని లేదు. ఆ చివరి ముక్కకి అనకాపల్లిలో రైలెక్కేయొచ్చు. యాత్ర లంబసింగి ఘాట్ అడుగునే పూర్తయింది.